ఫిబ్రవరిలో డబ్బు, జూన్‌లో కూరగాయలు: చేరమంటారా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. మా ఆఫీసులో పక్క సీటావిడ ప్రతి వేసవిలో ఒక ఫామ్ నుంచి వారం వారం కూరగాయల డబ్బా తెచ్చుకుంటుంది. సీఎస్‌ఏ అంటారట, కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్. ఈ ఏడు మమ్మల్నీ చేరమంటోంది. 22 వారాలకు ఫుల్ షేర్ 660 డాలర్లు, హాఫ్ షేర్ 385. డబ్బంతా ఇప్పుడే, ఫిబ్రవరిలోనే కట్టాలి. మొదటి డబ్బా జూన్‌లో గానీ రాదు. "ఏమిస్తారో తెలీకుండా ముందే డబ్బు కట్టడమేంటి? పంట పోతే తిరిగి ఇవ్వరట కూడా. ఇండియన్ స్టోర్లున్న ఓక్ ట్రీ రోడ్డులో అన్నీ దొరుకుతున్నాయి కదా" అని మావారు. ఏప్రిల్‌లో మా అత్తయ్య తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలుంటారు. పోయినసారి వచ్చినప్పుడు "ఇక్కడి కూరగాయలు చూపుకే బాగుంటాయి" అన్నారు. ఆవిడ కోసమైనా చేరాలని నాకుంది. జులైలో రెండు వారాలు కాలిఫోర్నియాలో మా చెల్లి దగ్గరికి వెళ్తాం. చేరమంటారా, వద్దంటారా?
(ఒక పాఠకురాలు, ఎడిసన్)

సమాధానం: చేరండి. కానీ ఫుల్ షేర్ వద్దు, హాఫ్ షేర్ తీసుకోండి. అదీ ఆ ఫామ్ వాళ్లను కొన్ని విషయాలు అడిగి, జవాబులు మీకు నచ్చితేనే. అవేంటో తర్వాత చెప్తాను.

ముందు మీవారి లెక్క చూద్దాం, ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 660ని 22 వారాలకు పంచితే వారానికి 30 డాలర్లు. 30 డాలర్లతో ఏ ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా సంచులు నిండుతాయి, పైగా మనకు కావాల్సినవి మనం ఏరుకోవచ్చు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని మాత్రం చేరకండి. సీఎస్‌ఏ చవక అని చెప్పేవాళ్లు సూపర్‌మార్కెట్‌లో ఆర్గానిక్ అరల ధరలతో పోల్చి చెప్తారు. ఆ అరల వైపు మనలో చాలామంది కన్నెత్తి కూడా చూడం.

మరి ముందే ఎందుకు కట్టాలి? న్యూజెర్సీలో మంచు పడుతున్నప్పుడే కూరగాయల రైతుకు ఖర్చు మొదలవుతుంది. విత్తనాలు కొనాలి, గ్రీన్‌హౌస్‌ను వెచ్చగా ఉంచి నారు పెంచాలి, ట్రాక్టర్ బాగు చేయించాలి, పనివాళ్లను మాట్లాడుకోవాలి. రాబడి కళ్లజూసేది జూన్ తర్వాతే. మన ఊళ్లలో ఈ మధ్య కాలాన్ని రైతు ఎలా నెట్టుకొస్తాడో మీ అత్తగారికి చెప్పనక్కర్లేదు. ఎరువుల కొట్లోనో కమీషన్ వ్యాపారి దగ్గరో అప్పు తెస్తాడు. పంట చేతికొచ్చాక వాళ్లకే తోలాలి, వాళ్లు చెప్పిందే ధర. సీఎస్‌ఏలో ఆ పెట్టుబడి తినేవాళ్లే పెడతారు. వడ్డీ ఉండదు, అసలు మాత్రం కూరగాయల రూపంలో తిరిగొస్తుంది.

అమెరికాలో ఈ పద్ధతి 1986లో రెండు చోట్ల మొదలైంది: మసాచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫామ్, న్యూహ్యాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫామ్. మీ రాష్ట్రంలోనూ బ్లెయిర్స్‌టౌన్ దగ్గర జెనెసిస్ ఫామ్‌లో 1980ల చివర్లోనే మొదలుపెట్టారు. అంతకంటే ముందు, 1970లలో, జపాన్‌లో పురుగుమందుల భయంతో గృహిణులు రైతులతో నేరుగా ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు. అంటే నిన్నా మొన్నా పుట్టిన స్టార్టప్ వ్యవహారం కాదిది. మీవారికి ఆ అనుమానం ఉంటే తీసేయొచ్చు.

ఆయన రెండో అనుమానం మాత్రం తీసేయలేనిది. పంట పోతే డబ్బు పోతుంది. షేర్ అనడంలోనే ఆ సంగతి ఉంది: పండితే మీకూ ఎక్కువ, ఎండితే మీకూ తక్కువ. 2009 వేసవిలో చల్లటి వానలకు ఈశాన్య రాష్ట్రాల్లో లేట్ బ్లైట్ తెగులు టమాటా తోటల్ని తుడిచిపెట్టేసింది. చాలా ఫామ్‌ల డబ్బాల్లో ఆ ఏడు టమాటా లేనే లేదు. 2023 జులైలో వెర్మాంట్‌లో వినూస్కీ నది పొంగి, బర్లింగ్‌టన్‌లోనే ఉన్న ఇంటర్‌వేల్ పొలాలను ముంచేసింది. వరద నీరు తాకిన కూరగాయలు చూడ్డానికి బాగున్నా తినడానికి అమ్మకూడదు, ఇక్కడి నిబంధన అంతే. అలాంటి ఏడు వస్తే 385 డాలర్లలో కొంత వదులుకోవాల్సిందే. అయితే సీఎస్‌ఏ ఫామ్‌లు మన మిర్చి రైతులా ఒకే పంట మీద కూర్చోవు. పదుల రకాలు వేస్తాయి. టమాటా పోయిన ఏడు క్యాబేజీ విరగకాయొచ్చు. మొత్తం డబ్బా ఖాళీ అయ్యే ఏడు అరుదు. డబ్బాలో మీరు అనుకున్నవి లేని ఏడు మాత్రం తరచుగానే వస్తుంది. ఇది ముందే మీవారికి చెప్పేయండి. జులైలో గొడవపడే బదులు ఫిబ్రవరిలో పడితే మంచిది.

ఇక అసలు విషయం వంటిల్లు. సీఎస్‌ఏలో చేరి మధ్యలో విసిగిపోయేవాళ్లలో ఎక్కువమంది డబ్బు గురించి విసగరు. ఫ్రిజ్‌లో వాడిపోతున్న ఆకులను చూసి విసుగుతారు. ఇవాళ ఏం వండాలో ముందు అనుకుని, దానికి తగ్గట్టు కూరగాయలు కొనే ఇల్లు అయితే ఈ పద్ధతి నరకం. ఉన్న కూరగాయను బట్టి వంట నిర్ణయమయ్యే ఇల్లయితే హాయి. ఈ విషయంలో మన వంటకు చాలా మంది అమెరికన్ల వంట కంటే వీలెక్కువని నా అభిప్రాయం. పేరు తెలియని ఆకు చేతికిస్తే వాళ్లు రెసిపీ వెతుక్కోవాలి. మనం కందిపప్పు కడిగి కుక్కర్‌లో వేస్తాం.

జూన్ డబ్బా చూసి మాత్రం మీరు నిరాశపడతారు. ఎందుకంటే మీ మనసులో ఉన్నది టమాటా, వంకాయ. సెంట్రల్ జెర్సీలో టమాటా నారు మే నెలలో గానీ బయట నాటరు, మంచి కాపు జులై సగం దాటాకే. జూన్ అంతా ఆకులే. లెట్యూస్, పాలకూర, కేల్, స్విస్ చార్డ్, ముల్లంగి, నూల్‌కోల్, వెల్లుల్లి కాడలు. స్విస్ చార్డ్ బీట్‌రూట్ కుటుంబమే, పప్పులో వేస్తే పాలకూరకూ దీనికీ పెద్ద తేడా తెలీదు. కాడలు సన్నగా తరిగి విడిగా వేయించుకోవచ్చు. కేల్ మొండిది. ఈనె తీసేసి, సన్నగా తరిగి, పప్పుతో పాటు కుక్కర్‌లో పెట్టండి, చింతపండు కాస్త ఎక్కువ వేయండి. ముల్లంగి సాంబారుకు, దాని ఆకులు పెసరపప్పు వేసి పొడికూరకు. ఇక్కడి ఆవిడలు ఆ ఆకుల్ని పికప్ (డబ్బా తీసుకునే చోటు) దగ్గరే తుంచి పడేస్తుంటారు. అడిగితే అవి కూడా మీకే ఇస్తారు. వెల్లుల్లి కాడలు జూన్‌లో రెండు మూడు వారాలే వస్తాయి. నూనెలో మగ్గించి, ఎండుమిర్చి, చింతపండుతో రోట్లోనో మిక్సీలోనో నూరితే వేడన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

కొన్ని ఫామ్‌లు సారెల్ అనే పుల్లటి ఆకు ఇస్తాయి. అది మన చుక్కకూరకు దగ్గరి చుట్టం. పుల్లగా ఉంది కదా అని గోంగూర అనుకుని వండకండి, అత్తగారు ఒక్క ముద్దకే కనిపెట్టేస్తారు. చుక్కకూర పప్పులా చేయండి, పేరు పెట్టలేరు. అలాగే పర్స్‌లేన్. చాలా ఫామ్‌లకు అది కలుపు మొక్క, కొన్ని మాత్రం కట్టలు కట్టి ఇస్తాయి. మనం గంగవాయిలి కూర, గంగపాయల కూర అనేది అదే. ఫామ్‌లో అడుగున పాకుతూ కనిపిస్తే, మందు కొట్టలేదని తెలుసుకుని, అడిగి కోసుకోండి. కాడ తుంచితే పాలు కారితే మాత్రం అది వేరే మొక్క, తినకూడదు.

జులైలో జుకినీ దాడి మొదలవుతుంది. మూడు వారాలయ్యాక దాని పేరెత్తితేనే పిల్లలు పారిపోతారు. సొరకాయతో మీరు ఏమేం చేస్తారో అవన్నీ దాంతో చేయొచ్చు. పాలు పోసిన కూర, పచ్చడి, పప్పు. తురిమి నీళ్లు పిండి సర్వపిండిలో కలపొచ్చు. నీరెక్కువ కాబట్టి ఉప్పు చివర్లో వేయండి, మూత పెట్టకండి. ఆగస్టు మనవాళ్ల నెల: టమాటా, వంకాయ, మిరప, బీన్స్, మొక్కజొన్న, పుచ్చ. ఇక్కడి వంకాయ పెద్దది, గుత్తికూరకు కుదరదు. పొయ్యి మీద కాల్చి పచ్చడి చేస్తే మాత్రం దాన్ని మించింది లేదు. ఒకే వారం టమాటా గంపలకొద్దీ వచ్చిపడుతుంది. ఎండబెట్టే నిల్వ పచ్చడికి జెర్సీ ఎండను నమ్మకండి. ముక్కలు మగ్గించి, చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే డిసెంబరులో చారుకు పనికొస్తాయి.

అక్టోబరులో మొదటి మంచు పడేముందు చెట్టున ఉన్న పచ్చి టమాటాలన్నీ కోసేస్తారు. చాలామంది వాటిని ముట్టుకోరు. మీరు ముందే చెప్పి ఉంచండి, మిగిలినవి మాకివ్వండని. నువ్వులు వేసి పచ్చి టమాటా పచ్చడి చేసుకునేవాళ్లకు ఆ వారం పండగ. బటర్‌నట్ గుమ్మడి కూడా అప్పుడే వస్తుంది. గీతలు పడనివి ఏరి, చల్లగా పొడిగా ఉన్నచోట పెడితే సంక్రాంతి దప్పళం వరకూ నిలుస్తుంది.

రానివి కూడా చెప్పాలి కదా. కరివేపాకు రాదు, దొండ, కాకర, చిక్కుడు రావు, మునగ మాటే లేదు. బెండకాయ కొన్ని ఫామ్‌లు వేస్తాయి, కొన్ని వేయవు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వచ్చినా మీకు చాలవు. అంటే ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లడం మానరు, తగ్గిస్తారంతే. వారానికి పదిహేడున్నర డాలర్ల హాఫ్ షేర్ వస్తున్నా స్టోర్‌లో అలవాటుగా పాలకూర, క్యాప్సికమ్ బండిలో వేసుకుంటే ఫ్రిజ్‌లో రెండూ కుళ్లుతాయి. పికప్ గురువారమైతే స్టోర్‌కి శుక్రవారం వెళ్లండి, ముందు వెళ్లకండి.

అందుకే హాఫ్ షేర్ అన్నాను. పని చేసే ఇల్లు, చిన్నపిల్లలు. పికప్ రోజు సాయంత్రం ఓ అరగంట పని ఉంటుంది. ముల్లంగి, బీట్‌రూట్ ఆకులు దుంపల నుంచి వేరు చేయకపోతే దుంపలు మెత్తబడతాయి. ఆకుకూరలు కడిగితే బాగా ఆరబెట్టి, గుడ్డలో చుట్టి పెట్టాలి. టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇది ఫుల్ షేర్‌కు చేయాలంటే మీకు టెన్షన్ తప్ప ఏం మిగలదు. ఆ పని మొత్తం అత్తగారి మీద పడేలా మాత్రం ప్లాన్ చేయకండి. ఆవిడ కోసం చేరుతున్నామని చెప్పి, ఆకులు ఒలిచే పని ఆవిడకే అప్పజెప్పడం మనిళ్లలో మామూలుగా జరిగిపోయేదే. అందుకే ముందే అంటున్నాను.

ఇప్పుడు ఫామ్‌ను అడగాల్సినవి. మొట్టమొదట, డబ్బాలో ఉన్నవన్నీ మీ పొలంలో పండినవేనా, బయట నుంచి కొని కూడా వేస్తారా? సీఎస్‌ఏ పేరు పెట్టుకుని హోల్‌సేల్ మార్కెట్లో కొని ఇంటికి పంపే కంపెనీలు ఉన్నాయి. అది తప్పని కాదు, కానీ దానికి ఫిబ్రవరిలో డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. పక్క ఫామ్ నుంచి పళ్లో గుడ్లో తెచ్చి, ఎక్కడివో చెప్పి ఇస్తే ఫర్వాలేదు. జూన్‌లో టమాటా, నిమ్మకాయలు ఇస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. నిమ్మ న్యూజెర్సీలో కాయదు. టమాటా అయితే గ్రీన్‌హౌస్‌దా, ఎవరి గ్రీన్‌హౌస్‌దో అడగండి.

రెండోది మందులు. లోకల్ అంటే ఆర్గానిక్ అని కాదు. సర్టిఫికెట్ ఉంటే చూపిస్తారు. ఏడాదికి 5,000 డాలర్ల లోపు ఆర్గానిక్ అమ్మకాలున్న చిన్న ఫామ్‌లకు ఆ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. అంతకంటే పెద్దవే అయినా ఖర్చు, కాగితాల పని భరించలేక తీసుకోనివాళ్లూ ఉన్నారు. అప్పుడు "ఏం కొడతారు, ఎప్పుడు కొడతారు?" అని సూటిగా అడగండి. మంచి రైతు దానికి నొచ్చుకోడు. పేర్లతో సహా చెప్తాడు. "అంతా నేచురలే" అని మాట దాటేస్తే నాకైతే నమ్మకం కుదరదు.

మూడోది మీ జులై ప్రయాణం. ఆ రెండు వారాల డబ్బా ఏమవుతుంది? కొన్ని ఫామ్‌లు ముందే చెప్తే వేరే వారానికి మారుస్తాయి, అప్పుడు ఒకేసారి రెండు డబ్బాలు తీసుకోవచ్చు. కొన్ని లేనివాళ్లకు ఉచితంగా పంచే ఫుడ్ ప్యాంట్రీకి ఇచ్చేస్తాయి. మీ బదులు ఇంకొకరు వచ్చి తీసుకోవచ్చా అని కూడా తెలుసుకోండి. పికప్ టైమ్ దాటితే ఎంతసేపు ఉంచుతారో అడగండి. ఎడిసన్ నుంచి గురువారం సాయంత్రం ఐదింటికి రూట్ 1 మీద బయల్దేరి ఆరింటికి ఎక్కడికో చేరాలంటే, అది జరిగే పని కాదని మీకు తెలుసు. పొలం ఎంత దూరమన్నది కాదు, పికప్ చోటు ఆఫీసు దారిలో ఉందా లేదా అన్నది చూడండి. నా లెక్కలో ఇది ఆర్గానిక్ కంటే ముఖ్యం. దారిలో లేని డబ్బాను సెప్టెంబరు వచ్చేసరికి ఎవరూ తెచ్చుకోరు.

కట్టినవాళ్లే టేబుల్ మీద నుంచి నచ్చినవి ఏరుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల స్వాప్ బాక్స్ అని పక్కన పెడతారు, వద్దనుకున్నది అందులో వేసి ఇంకోటి తీసుకోవచ్చు. మీ ఫామ్‌లో ఈ రెండింట్లో ఏదైనా ఉంటే చాలా నయం. బేసిల్ కట్టలు వేసేసి కొత్తిమీర తెచ్చుకోవచ్చు.

డబ్బంతా ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి, చాలా ఫామ్‌లు ఒప్పుకుంటాయి. కానీ చేరడం మాత్రం మార్చి చివరిదాకా ఆపకండి. పేరున్న ఫామ్‌ల షేర్లు వసంతం రాకముందే అయిపోతాయి. మీవారు ఇంకా తటపటాయిస్తుంటే, మీ అపార్ట్‌మెంట్లో ఇంకో తెలుగువాళ్లను చూసుకుని హాఫ్ షేర్‌ను సగం సగం చేసుకునే దారీ ఉంది. అది చేస్తే ఒక షరతు: పికప్ దగ్గర కాదు, ఎవరో ఒకరి వంటింట్లో కూర్చుని పంచుకోండి. ఒక వారం వీళ్లకు వెల్లుల్లి కాడలు, వాళ్లకు లెట్యూస్ అని వాట్సాప్‌లో తేల్చుకోవడం మొదలైతే స్నేహం చెడుతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. కొన్ని ఫామ్‌లు వర్కింగ్ షేర్ అని ఇస్తాయి, వారానికి కొన్ని గంటలు పొలంలో పని చేస్తే షేర్ ఉచితం లేదా సగం ధర. తెనాలి ఆవిడ, పొలం చూస్తే చేయి ఊరుకోదు, కాలక్షేపంగా ఉంటుందని మీకు అనిపించొచ్చు. ఆ జోలికి పోకండి. పనికి బదులుగా కూరగాయలు తీసుకోవడమంటే జీతం తీసుకోవడం లాంటిదే, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు అలాంటి పని చేయకూడదు. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) వాళ్లకూ అంతే. కానీ చాలా ఫామ్‌లలో షేర్‌తో పాటే యు-పిక్ ఉంటుంది. బీన్స్, చెర్రీ టమాటాలు, పచ్చిమిర్చి, పూలు మన షేర్‌లో భాగంగా మనమే వెళ్లి కోసుకోవడం. దానికి ఏ ఇబ్బందీ లేదు. ఆవిడను శనివారం పొద్దున్నే, ఎండెక్కకముందే తీసుకెళ్లండి. గోంగూర వేస్తారేమో కూడా అడిగించండి. ఇక్కడి రైతుకు ఆ పేరు తెలియకపోతే రోసెల్ అని చెప్పండి. వేసవి వేడికి ఆకు బాగానే వస్తుంది. నలుగురైదుగురు సభ్యులు అడిగారంటే వచ్చే ఏడాది విత్తనాల ఆర్డర్‌లో చేర్చే రైతులు ఉన్నారు.